ఇరవై నాలుగో అశని

నవంబరు 18, సోమవారం

నీలం అడిగిన లెక్క వేరే నోటుబుక్కులో ఉంది. మావారు రోజుకు ఎన్ని మాటలు పలికారు, ఏ మాట, ఎన్ని గంటలకు, ఎవరితో. నాలుగు నిలువు గళ్లు గీసి రాస్తున్నాను. అది నీలం చూస్తుంది, ఆఫీసు నుంచి వచ్చాక మా అమ్మాయి మైథిలి చూస్తుంది. ఈ పుస్తకం ఎవరూ చూడరు. కాబట్టి ఇందులో గళ్లు గీయలేదు.

ఈ రోజు మాటలు: ఒకటి. "అది."

మంచినీళ్లూ అదే, కళ్లజోడూ అదే, దిండూ అదే, నేనూ అదే. అక్టోబరు 27 ఉదయం ఎనిమిదింబావుకు పేపరు చదువుతూ పక్కకు ఒరిగిపోయారు. పక్షవాతం. పదకొండు రోజులు ఆస్పత్రి. కాలు తిరిగి వచ్చింది. కుడిచెయ్యి సగం వచ్చింది. మాట రాలేదు. మనం చెప్పేదంతా అర్థమవుతుంది. చెప్పాలనుకున్నది లోపల ఉంది, బయటికి దారి దొరకడం లేదు అంటుంది నీలం.

నీలం త్యాగి మాట నేర్పే డాక్టరు. వయసు ఇరవై తొమ్మిది. సోమ, బుధ, శుక్రవారాలు వస్తుంది. చెప్పిన టైముకు వస్తుంది. ఆ ఒక్క గుణం చూసి మిగతావి సహిస్తున్నాను. ఈ రోజు వెళ్తూ వెళ్తూ చెప్పింది. మొదటి మూడు నెలలే ముఖ్యమట. జనవరి 27న పరీక్ష పెడుతుందట. అప్పటికి ఆయన సొంతంగా ఒక్క వాక్యమైనా కూర్చి చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఇక బోర్డు అలవాటు చేద్దాం అంది. బ్యాగులోంచి తీసి చూపించింది. ప్లాస్టిక్ తొడిగిన అట్ట మీద బొమ్మలు. గ్లాసు, మందుసీసా, మంచం, కమోడ్. కావలసిన బొమ్మ మీద వేలు పెట్టాలి.

ముప్పై నాలుగేళ్లు కేంద్ర ప్రభుత్వంలో ఫైళ్ల మీద నోట్లు రాసిన మనిషి. ఆయన నోట్‌లో జాయింట్ సెక్రటరీ కామా కూడా మార్చేవాడు కాదు. ఆయన కమోడ్ బొమ్మ మీద వేలు పెడతారా?

బోర్డు తీసుకుపోయి బీరువా మీద పెట్టాను.

ఇంకో మాట కూడా అంది. "ఆంటీజీ, అంకుల్ బోల్ రహే హోఁ తో ఆప్ బీచ్ మే మత్ బోలియే." నేను మధ్యలో మాట్లాడను. ఆయనకు ఏం కావాలో నాకు ముందే తెలుస్తుంది, అందిస్తాను. నలభై ఆరేళ్లుగా చేస్తున్న పనే.

నవంబరు 19

రెండు. "అది." "అదే."

నవంబరు 22, శుక్రవారం

గాలి బాగాలేదని కాలేజీ మూసేసి పాఠాలు ఆన్‌లైన్లో పెట్టారట. గ్రేటర్ నోయిడా హాస్టలు నుంచి మా మనవరాలు ప్రణతి బట్టల మూటతో దిగింది. ఉతికించుకోవడానికి తెచ్చిన జతలు పదకొండు.

రజాయి కోసం దివాన్ పెట్టె తెరిచి కేక పెట్టింది.

"అమ్మమ్మా! యే క్యా హై? తాతయ్యకి సీక్రెట్ లైబ్రరీ ఉందా?"

"చెత్త. మూసెయ్యి."

"వీణ్ణి చూడు, షర్టుకి ఒక్క బటనూ పెట్టుకోలేదు. చేతిలో గన్. సో కూల్, యార్."

"నన్ను యార్ అనకు."

పుస్తకం లాక్కుందామని వెళ్లాను. మంచం మీంచి ఆయన ఎడమచెయ్యి లేచింది. పుస్తకం వైపు. ఈ నెల రోజుల్లో ఆయన చెయ్యి చాచి ఏదైనా అడగడం ఇదే మొదటిసారి.

నీలం ఆయనకు ఇష్టమైనవి పైకి చదివి వినిపించమంది. నేను పద్నాలుగు రోజులుగా సంపాదకీయాలు చదువుతున్నాను. ఆయన గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. ఆ సంగతి నోటుబుక్కులో రాయలేదు.

మొత్తం ఇరవై మూడు పుస్తకాలు. అన్నింటిలోనూ ఒకడే కథానాయకుడు. పేరు అశని, పోలీసు అధికారి. అశని అంటే పిడుగు. ఆ రచయితకు తెలిసిన మంచి తెలుగు మాట అదొక్కటే అయి ఉంటుంది. ఊరికి వెళ్లి వచ్చినప్పుడల్లా బెజవాడ ప్లాట్‌ఫారం మీద ఒకటి కొనేవారు. బల్లార్షా దాటేలోగా పూర్తయిపోయేది. ఢిల్లీలో దిగేసరికి దానికి ఖాకీ అట్ట వేసి ఉండేది, ఏదో ఆఫీసు మాన్యువల్‌లాగా. నేను బళ్లో లెక్కలు చెబుతూ పిల్లల దగ్గర ఇవే పుస్తకాలు జప్తు చేసేదాన్ని. 1991లో తొమ్మిదో తరగతి వాడి దగ్గర లాక్కున్న పుస్తకమొకటి నా సొరుగులోంచి మాయమైంది. అది పద్నాలుగో అశని అని ఈ రోజు తెలిసింది. మొదటి పేజీలో నా సంతకం, తేదీ ఉన్నాయి.

చూపించాను. ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. బయట పొగ తప్ప ఏమీ లేదు.

నవంబరు 23, శనివారం

మొదటి పుస్తకం, పదిహేడు పేజీలు చదివాను. విశాఖ రేవులో దొంగబంగారం. అశని వస్తాడు, కొడతాడు, కొట్టించుకుంటాడు, వెళ్లిపోతాడు. ఎక్కువ మాట్లాడడు. ఎవరైనా ఏదైనా అడిగితే మూడు మాటలకు మించి జవాబు ఉండదు.

సిగరెట్లు వదిలేసి చదివాను. మందు వదిలేశాను. పదకొండో పేజీలో ఒక నర్తకి వస్తుంది, ఆమెను కూడా వదిలేశాను. బూతుమాటలు వచ్చిన చోట "ఓరీ దుర్మార్గుడా" అని చదివాను. వాక్యాలు సరిగ్గా లేనిచోట సరిచేశాను. ఇంత శ్రద్ధగా ఆ పుస్తకాన్ని ఎవరూ చదివి ఉండరు.

ఆయన కళ్లు మూసుకుని విన్నారు. మొహం చిట్లించుకుని ఉన్నారు. నొప్పేమో అనుకున్నాను.

మాటలు: రెండు.

నవంబరు 26, మంగళవారం

ఉదయం 11:20.

రెండో పుస్తకం. గోదాములో అశనిని పదిమంది చుట్టుముడతారు. వాళ్ల నాయకుడు "ఎవడ్రా నువ్వు?" అంటాడు. దానికి అశని చెప్పిన జవాబు నాకు అహంకారంగా తోచింది. ప్రభుత్వోద్యోగి అలా మాట్లాడకూడదు. అందుకని "నేను పోలీసు అధికారిని" అని చదివాను.

మంచం మీంచి వినిపించింది.

"నీ... ఆఖరి... తప్పు."

పుస్తకంలో ఉన్నది అదే. అక్షరం పొల్లుపోలేదు. ఎవడ్రా నువ్వు అంటే, నీ ఆఖరి తప్పు.

మూడు మాటలు. వరసగా. ముప్పై ఏళ్ల క్రితం చదివిన పుస్తకంలోంచి.

నేను మంచినీళ్లు తాగాను. పేజీ తిప్పాను. చదవడం కొనసాగించాను. కళ్లజోడు తుడుచుకోవాల్సి వచ్చింది, గాలి అంత పాడుగా ఉంది. తలుపులు వేసి ఉన్నా లోపలికి వస్తోంది.

నవంబరు 27, బుధవారం

నీలం ఎగిరి గంతేసినంత పని చేసింది. నేను కొన్ని చదవకుండా వదిలేస్తున్నానని ఆమెకు చెప్పలేదు. ప్రణతి చెప్పింది.

"ఆంటీజీ, ఆప్ సెన్సార్ బోర్డ్ హైఁ క్యా?" అని నవ్వింది. "కీప్ డూయింగ్ ఇట్. గలత్ పఢియే."

నలభై ఏళ్ల సర్వీసులో నన్ను తప్పు చదవమన్నది ఈ పిల్లే. సరే, మందుగా రాసిచ్చారు కాబట్టి తప్పే చదువుతాను.

డిసెంబరు 2, సోమవారం

ఈ వారం పలికినవి: "తప్పుకో." "నేను అడగను, చెబుతాను." "దీపం ఆర్పు." "ఇది హెచ్చరిక కాదు." అన్నీ అశనివే. ఒక్కొక్క దానికి ఎదురుగా పుస్తకం నంబరు, పేజీ నంబరు రాశాను.

ఉదయం కారిడార్‌లో నడిపిస్తుంటే ఎదురింటి ఖురానాగారు కూరల సంచులతో లిఫ్టుకు అడ్డంగా నిలబడి ఫోను మాట్లాడుతున్నారు. ఈయన ఆగి, మెడ నిటారుగా పెట్టి, "తప్పుకో" అన్నారు.

"క్యా కహా అంకుల్‌జీ నే?"

"నమస్తే అన్నారు" అన్నాను.

ఖురానాగారు సంచులు కిందపెట్టి రెండు చేతులూ జోడించారు. ఈయన తలాడించి లిఫ్టు ఎక్కారు. పెద్ద పెద్ద ఆఫీసర్లు అలా ఎక్కడం చూశాను. ఈయన మాత్రం సర్వీసంతా పక్కకు నిలబడి వాళ్లను ఎక్కించినవారు.

డిసెంబరు 5, గురువారం

మైథిలి ఇంట్లోంచే ఆఫీసు మీటింగులో ఇరుక్కుని కాఫీ ఆలస్యంగా ఇచ్చింది. ఆయన గ్లాసు పట్టుకుని చూసి, "శవం చల్లబడింది" అన్నారు.

"అమ్మా, నాన్నగారు ఏమన్నారు?"

"కాఫీ వేడిచేసి తెమ్మన్నారు. ఆరో పుస్తకం, నలభై రెండో పేజీ."

అది వంటింట్లోకి వెళ్లి స్టవ్ దగ్గర నిలబడి చాలాసేపు నవ్వింది. అక్టోబరు తరువాత దాని నవ్వు వినపడటం అప్పుడే. ఆ తరువాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు కూడా వినిపించింది. నేను వెళ్లలేదు. మా అమ్మాయి గట్టిది.

డిసెంబరు 13, శుక్రవారం

నీలం పరీక్షకు అలవాటు చేస్తోంది. నన్ను చూపించి "ఆంటీజీ కా నామ్ బతాయియే" అంది. ఆయన నా వైపు చూశారు. నోరు విప్పలేదు. మళ్లీ అడిగింది. మళ్లీ చూశారు. కాగితం మీద సున్నా వేసింది.

నాకు ఒళ్లు మండింది. పెళ్లయిన నలభై ఆరేళ్లలో ఆయన నన్ను పేరుపెట్టి పిలవలేదు. "ఏవోయ్" అంటారు. ఎవరితోనైనా చెప్పవలసి వస్తే "మా టీచరుగారు" అంటారు. సిలబస్‌లో లేని ప్రశ్న అడిగి సున్నా వేస్తారా?

"ఆ ప్రశ్న కొట్టేయాలి" అన్నాను.

ప్రణతి హిందీలో విడమర్చి చెప్పింది. నీలం నోరు తెరుచుకుని విని, "రియల్లీ? ఔర్ ఆప్?" అంది నాతో. నేను కూడా ఆయన పేరు పలకను. ఆస్పత్రిలో చేర్చినప్పుడు కాగితం మీద రాసి ఇచ్చాను.

నీలం సున్నా కొట్టేసి, పక్కన సంతకం చేసింది. దిద్దిన చోట సంతకం చేసే అలవాటు ఈ కాలపు పిల్లల్లో తక్కువ. ఆమె మీద గౌరవం కొంచెం పెరిగింది.

డిసెంబరు 20

పదకొండో పుస్తకం అయింది. మాటలు: పంతొమ్మిది.

డిసెంబరు 29, ఆదివారం

పదిహేను పుస్తకాల వరకు అశని లెక్క తేల్చాను.

తుపాకి గుండు తగిలినది తొమ్మిదిసార్లు. కత్తిపోట్లు ఆరు. కదిలే రైల్లోంచి పడటం రెండు. భోజనం నాలుగుసార్లు, అందులో రెండు సగంలో లేచిపోయాడు. నిద్ర మూడుసార్లు. మందుబిళ్ల వేసుకున్నది ఒక్కసారీ లేదు. ఎవరికైనా థాంక్స్ చెప్పినది లేదు. తల్లిదండ్రుల ప్రస్తావన లేదు. ఎడమ భుజం మీద గాయం పదో పుస్తకంలో కుడి భుజం మీదికి మారింది. ప్రూఫు దిద్దినవాడిచేత గోడకుర్చీ వేయించాలి.

ఏడో పుస్తకం చివర పొట్టలో గుండు దిగి నేలమీద పడిపోతాడు. తరువాతి పేరాలో ఒకే ఒక్క ముక్క ఉంది. "మూడు వారాల తరువాత." ఆ వెంటనే జీపు నడుపుతున్నాడు.

నాకు ఆ మూడు వారాల దగ్గరే చదువు ఆగిపోయింది. ఎవరు చూశారు? రెండు గంటలకొకసారి ఎవరు పక్కకు తిప్పారు? ఒళ్లు ఎవరు తుడిచారు? పక్కటెముకల కింద పుండు పడకుండా పౌడరు ఎవరు వేశారు? చెంచాతో నోట్లో పోసిన చారు మూలనుంచి కారిపోతుంటే కొంగుతో ఎవరు ఒత్తారు? రచయితకు తెలియదు. తెలిస్తే రెండు పుస్తకాలు అవే రాసేవాడు.

అయినా ఈయన ఇవి ఎందుకు చదివేవారో ఇప్పుడు అర్థమవుతోంది. రోజంతా "తమరు దయచేసి పరిశీలించగలరు" అని రాసిన మనిషికి సాయంత్రం "తప్పుకో" అనేవాడొకడు కావాలి. ఆయన పైకి ఎప్పుడూ అనలేదు. ప్రమోషన్ రెండుసార్లు పక్కవాడికి పోయినప్పుడు కూడా ఇంటికొచ్చి ఖాకీ అట్ట వేసిన పుస్తకం తీశారు. నేను అప్పుడు చిన్నచూపు చూశాను.

పదహారు, పదిహేడు కూడా నేను ముందుగానే చదివేశాను. తప్పుల లెక్క కోసం. ప్రతి పుస్తకం చివర వాడు చచ్చినంత పనవుతుంది. ప్రతి పుస్తకం మొదటి పేజీలో లేచి నిలబడి ఉంటాడు. అది చూడటానికి మాత్రం కాదు.

జనవరి 6

పంతొమ్మిదో పుస్తకం. మాటలు: యాభై నాలుగు.

జనవరి 10, శుక్రవారం

అరవై ఒక్క ముక్కల జాబితా నీలం చేతిలో పెట్టాను. పేజీ నంబర్లతో సహా. మెచ్చుకుంటుందనుకున్నాను. అంతా చదివించుకుని, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఆంటీజీ, బురా మత్ మానియే. యే సబ్ రటా హువా హై." ఇందులో ఆయన సొంతం ఒక్కటీ లేదంది.

బట్టీపట్టినవి పాటలాగా వేరే దారిలో బయటికొస్తాయట. సొంత వాక్యం కూర్చడం వేరే పనట. పరీక్షలో చూసేది దాన్నే.

కోపం వచ్చింది. ఆమె వెళ్లాక కూడా పోలేదు. పోకపోవడానికి కారణం, ఆమె చెప్పింది సరైనది. సిద్ధాంతం కామాలతో సహా అప్పజెప్పి, దాని మీద చిన్న లెక్క ఇస్తే తెల్లమొహం వేసే పిల్లల్ని ఎంతమందిని చూడలేదు నేను? వాళ్లకు ఎన్ని మార్కులు వేశాను?

పదిహేడు రోజులున్నాయి.

జనవరి 12, ఆదివారం

నీలానికి పంపడానికని ప్రణతి నిన్న మా ఇద్దరి మాటలు ఫోనులో రికార్డు చేసింది. ఈ రోజు నన్ను బాల్కనీలోకి పిలిచింది.

"అమ్మమ్మా, నువ్వు లెక్కల టీచర్ కదా. విని కౌంట్ చెయ్యి."

"ఏం కౌంటు?"

"తాతయ్య మొదలుపెట్టినవి ఎన్ని, నువ్వు పూర్తి చేసినవి ఎన్ని."

ఇరవై నిమిషాల రికార్డు. ఆయన నోరు తెరిచినది ముప్పై మూడుసార్లు. ముప్పై ఒక్కసార్లు నేను అందుకున్నాను. "అ..." అనగానే "అన్నమా? ఇంకా పన్నెండు కాలేదు." "కి..." అనగానే "కిటికీ వెయ్యనా?" ఎక్కువలో ఎక్కువ ఆగినది రెండు సెకన్లు. మిగిలిన రెండుసార్లు నేను వంటింట్లో ఉన్నాను.

నమ్మక మళ్లీ మొదటినుంచి విన్నాను. ముప్పై ఒకటే.

"ఎవరైనా అలా చేస్తే నీ క్లాసులో ఏం చేసేదానివి?" అంది ప్రణతి.

"బయట నిలబెట్టేదాన్ని."

పిల్ల ఇంకేమీ అనలేదు. అనకుండా ఊరుకోవడం దానికి ఎవరు నేర్పారో తెలియదు, నేనైతే కాదు.

జనవరి 13

నోరు మూసుకుని కూర్చోవడం చేతకావడం లేదు. పది వరకు లెక్కపెడదామనుకుంటాను, నాలుగు దగ్గర మాట వచ్చేస్తుంది. ఈ వయసులో ఒక పనిలో ఫెయిలవుతానని అనుకోలేదు.

జనవరి 15, బుధవారం

ఇరవై మూడోది అయిపోయింది. అశని ఒక్కచేత్తో రైలువంతెన ఇనుపకమ్మీ పట్టుకుని వేలాడుతుంటాడు. కింద నది. వేళ్లు జారుతున్నాయి. "మిగతాది ఇరవై నాలుగో పుస్తకంలో" అని ఉంది.

ఆ పుస్తకం రాలేదు. ఇది కొన్నది 1996లో. ఆ తరువాత మూడేళ్లు ఏ పని మీద ఊరికి వెళ్లినా బెజవాడలో దిగి ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగొచ్చేవారు. దేనికని నేను అడగలేదు. కాళ్లు సాగదీసుకుంటున్నారనుకున్నాను.

అట్ట మూసి ఆయన వైపు చూశాను. ఆయన నా చేతుల వైపు చూశారు, ఇంకోటి ఉందేమోనన్నట్లు.

జనవరి 17, శుక్రవారం

ప్రణతి ఇంటర్‌నెట్టంతా గాలించింది. ఆ ప్రచురణ సంస్థ మూతపడిందట. రచయిత ఎవరో ఎవరికీ తెలియదట.

జనవరి 19, ఆదివారం

ఇరవై నాలుగో పుస్తకం దొరికిందని చెప్పాను.

పాత లాగరిథమ్ టేబుల్స్‌కు ఖాకీ అట్ట వేసి, పైన 24 అని రాశాను. సైజు సరిపోయింది. ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. అబద్ధం చెప్పడం నాకు అలవాటు లేదు. కానీ పుస్తకం చేతిలో ఉన్నాక చదవడమే కదా, అది చేతనవును.

అశని రెండో చెయ్యి కూడా కమ్మీ మీద వేసి, శరీరాన్ని లోలకంలాగా ఊపి పైకి వచ్చాడు. ఇది భౌతికశాస్త్రం ప్రకారం సాధ్యమే. వచ్చి నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లాడు. టీకా వేయించుకున్నాడు. ఇరవై మూడు పుస్తకాల తరువాత మొదటిసారి వాడికి కడుపునిండా చారన్నం పెట్టాను. పెరుగు కూడా వేశాను.

బాగా వచ్చిందనే అనుకుంటున్నాను. ఆయన మాత్రం ఒక్క ముక్కా మాట్లాడలేదు. అట్ట వైపే చూస్తూ కూర్చున్నారు.

జనవరి 20

రెండో అధ్యాయం. అశని మూడు వారాల విశ్రాంతి. ఏ రోజు ఏ మందో వివరంగా చెప్పాను. మాటలు: సున్నా. అశని మాటలు కూడా రావడం లేదు.

ఇంకా వారం.

జనవరి 21, మంగళవారం

ఇది ఉన్నది ఉన్నట్లు రాసుకోవాలి.

మూడో అధ్యాయంలో అశని ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. ఇంటిపట్టున ఉండి చుట్టుపక్కల పిల్లలకు లెక్కలు చెప్పుకుంటే ఆరోగ్యం బాగుంటుందని నిర్ణయించుకున్నాడు. అక్కడికి రాగానే ఆయన ఎడమచేత్తో మంచం పట్టెమీద కొట్టారు.

"వా..." అన్నారు.

"వాంతా?" అని నోటిదాకా వచ్చింది. పళ్ల మధ్య నాలుక కరిచి పట్టుకున్నాను. గోడ గడియారం వైపు చూశాను. పదిహేను సెకన్లు. మొహం ఎర్రబడింది. ఇరవై ఐదు. నుదుటిమీద చెమట. ప్రణతి గుమ్మంలోకి వచ్చి నిలబడింది, చెయ్యెత్తి ఆపాను. ముప్పై ఐదు.

నలభై ఒకటి.

"వాడు... ఇంట్లో... కూర్చోడు."

నేను కదల్లేదు. ఇంకా ఉంది. పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఎంతసేపో ఈసారి చూడలేదు.

"పుస్తకం... తలకిందులుగా... పట్టుకున్నావు."

చూసుకున్నాను. నిజమే. మూడు రోజులనుంచీ అలాగే పట్టుకుని ఉంటాను.

ప్రణతి గుమ్మం దగ్గరే కింద కూర్చుని నవ్వుతోంది, ఏడుస్తోంది, ఏదో ఒకటి. నేను లేచి అశని లెక్క రాసిన నోటుబుక్కు తీసి ఒకటి నుంచి ఇరవై మూడు దాకా చూశాను. "వాడు ఇంట్లో కూర్చోడు" ఏ పుస్తకంలోనూ లేదు. రెండోది ఉండే అవకాశమే లేదు. రెండూ ఆయన సొంతం. కర్త, కర్మ, క్రియ అన్నీ ఉన్నాయి.

నోటుబుక్కులో రాశాను. పుస్తకం నంబరు గడిలో అడ్డగీత గీశాను. ఆ గీత తిన్నగా రాలేదు.

జనవరి 22, బుధవారం

నీలానికి నేను చెప్పలేదు. ఆయననే చెప్పనిచ్చాను. లాగరిథమ్ పుస్తకం చూపించి, నన్ను చూపించి, యాభై సెకన్లలో చెప్పారు: "ఈవిడ... అబద్ధం... చదివింది."

ప్రణతి అనువాదం చేసింది. నలభై ఏళ్లు పాఠం చెప్పిన మనిషిని పట్టుకుని ఇంటికొచ్చిన పిల్ల ముందు అబద్ధాలకోరును చేశారు. ఇంత గర్వంగా నాకు ఎప్పుడూ లేదు.

జనవరి 24, శుక్రవారం

నేను చెప్పిన మూడు అధ్యాయాలూ రద్దు. చారన్నంతో సహా. ఇరవై నాలుగో పుస్తకం ఇక ఆయన చెబుతారట, నేను రాయాలట. రోజుకు రెండు మూడు వాక్యాలు. ఈ రోజుది: "అశని... సిగరెట్... వెలిగించాడు."

"వంతెనకు వేలాడుతూనా?" అన్నాను.

"పళ్లతో" అన్నారు.

రాశాను. నా చేత్తో.

జనవరి 27, సోమవారం

పరీక్ష. నీలం నన్ను గదిలో ఉండనివ్వలేదు. "ఆంటీజీ, ప్లీజ్. బాహర్." తెలుగు చెప్పడానికి ప్రణతిని మాత్రం ఉంచుకుంది. హాల్లో కూర్చున్నాను. తలుపు దగ్గరికి వెళ్లలేదు. తలుపు పక్కనున్న పుస్తకాల అలమర సర్దాను. అది ఎప్పటినుంచో సర్దాల్సి ఉంది.

ముప్పై ఐదు నిమిషాల తరువాత ప్రణతి బయటికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"కూరగాయల మార్కెట్ బొమ్మ ఇచ్చింది. మనుషులు బేరాలాడుతున్నారు, ఆవు బండిమీద పాలకూర తింటోంది. తాతయ్య ఎంతసేపు చూశాడో తెలుసా? నేను చచ్చిపోయానమ్మమ్మా. తరువాత చెప్పాడు. 'ఆవు తింటోంది. ఎవరూ చూడటం లేదు.'"

"రెండు వాక్యాలా?"

"దో! ఔర్ ఫిర్ నీలం దీదీని చూసి ఏమన్నాడో తెలుసా? 'అరవండి.' బండివాడికి చెప్పమనట."

నీలం కాగితం మీద చాలా రాసింది. సొంత వాక్యాలు ఉన్నాయి, వేగం లేదు, అభ్యాసం కొనసాగించాలి, సంవత్సరం పట్టవచ్చు. నేనైతే నూటికి అరవై ఒకటి వేస్తాను. ఎక్కువ వేస్తే పిల్లలు చెడిపోతారు. ఫస్టు క్లాసుకు అరవై చాలు.

మైథిలికి ఆఫీసుకు ఫోను చేసి చెప్పాను. "అమ్మా, నువ్వు అరుస్తున్నావు" అంది. నేను మామూలుగానే చెప్పాను.

జనవరి 29, బుధవారం

పదకొండో వాక్యం. అశని ఇంకా వంతెనకు వేలాడుతూనే ఉన్నాడు. ఈ రోజు వేళ్లు జారిపోయాయి. నేను కాగితం మీంచి తల ఎత్తాను.

"పైనుంచి... ఒక చెయ్యి... వచ్చింది."

రాశాను. ఇరవై మూడు పుస్తకాల్లో వాడికి ఎవరూ చెయ్యి అందించలేదు. నా లెక్కలో అలాంటి గడి కూడా లేదు.

"ఎవరిదండీ?"

వంటింట్లో కుక్కరు మూడు కూతలు కూసింది. లేవలేదు. నాలుగోది కూసింది. అన్నం మాడితే మాడుతుంది. ఆయన నా మొహంలోకి చూస్తూ మాట వెతుక్కుంటున్నారు. నేను నోరు విప్పలేదు. కలం పట్టుకుని కూర్చున్నాను.

"లెక్కల... టీచరు" అన్నారు.

ఆగాను. పెదవులు ఇంకా కదులుతున్నాయి.

"చాలా... మాట్లాడుతుంది."

"అదేం పాత్రండీ? అశని కథలో అలాంటి మనిషి ఎలా నప్పుతుంది?" అన్నాను.

"రాయి" అన్నారు.

రాశాను.